ఆకుల కషాయంతో స్టీల్‌కి తుప్పు ఆగుతుందా? ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగదు

మీరు అడిగినదాంట్లో ముఖ్యంగా రెండు ప్రశ్నలున్నాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఏదైనా ఆకు సారం తీసుకుని, హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో మైల్డ్ స్టీల్ మీద పరీక్షించాలనుకుంటున్నారు. పేపర్లలో 90, 95 శాతం రక్షణ అని రాస్తున్నారు, అది నిజమేనా అన్నది మొదటిది. అంత బాగా పనిచేసేటప్పుడు అదే కషాయం ఇనుప గేటుకి పూసి పెయింటు మానేయొచ్చు కదా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు అవును, రెండోదానికి కాదు. ఒకే కషాయానికి ఈ రెండు జవాబులు ఎందుకొస్తాయో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. పిక్లింగ్ (స్టీల్ మీది తుప్పుని ఆసిడ్‌లో ముంచి తీసేసే పని) షాపుల్లోనూ, తుప్పు పరీక్షలు చేసే ల్యాబులోనూ చాలాకాలం పనిచేసిన అనుభవంతో చెబుతున్న మాటలివి.

ముందు ఆసిడ్ సంగతి చూద్దాం. స్టీల్ ముక్కని ఆసిడ్‌లో ముంచగానే దాని ఉపరితలం మీద ఒకచోట ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి ద్రావణంలోకి దిగిపోతుంది. పక్కనే ఇంకోచోట హైడ్రోజన్ అయాన్లు ఆ ఎలక్ట్రాన్లని అందుకుని బుడగలై పైకొస్తాయి. మొదటి చోటు ఆనోడ్, రెండోది కాథోడ్. ఒకటి వదిలినన్ని ఎలక్ట్రాన్లు ఇంకొకటి అందుకోవాలి కాబట్టి ఏ ఒక్కదాన్ని నెమ్మదింపజేసినా రెండూ నెమ్మదిస్తాయి. మొక్కల సారంలోని కొన్ని అణువులు ఉపరితలానికి అతుక్కుని సరిగ్గా ఆ చోట్లని కప్పేస్తాయి. దీన్నే అధిశోషణం అంటాం. కప్పే పొర చాలా పల్చన, కంటికి కనిపించదు. అయినా బుడగలు తగ్గిపోవడం మాత్రం కళ్లముందే కనిపిస్తుంది. ఒకే ఆసిడ్ పోసిన రెండు బీకర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో మాత్రమే సారం కలిపి చూడండి. ఖాళీ ఆసిడ్‌లోని ముక్క చుట్టూ సన్నటి బుడగలు తెరలా లేస్తూనే ఉంటాయి. సారం ఉన్నదాంట్లో కాసేపటికి ఒక్కో బుడగ ముక్కని పట్టుకుని ఉబ్బి, తీరుబడిగా వదులుతుంది.

ఇలా అతుక్కోవాలంటే అణువులో నైట్రోజన్, ఆక్సిజన్, సల్ఫర్ లాంటి ఎలక్ట్రాన్లు ఇవ్వగల పరమాణువులుండాలి. బెంజీన్ తరహా వలయాలుంటే ఇంకా మంచిది. మిరియాల్లోని పైపరిన్, మానుపసుపులోని బెర్బెరిన్, కాఫీ గింజల్లోని కెఫీన్, గోరింటాకులోని లాసోన్, కరక్కాయలోని టానిన్లు అన్నీ ఈ కోవలోవే. వేప, మునగ, కరివేపాకు, కలబంద మీద ఇన్ని పేపర్లు రావడానికి కారణం కూడా ఇదే. నిజానికి ఆసిడ్‌లో ఏమాత్రమూ పనిచేయని ఆకు దొరకడమే కష్టం. అందుకే "ఫలానా ఆకు పనిచేసింది" అన్న ఫలితం దగ్గరే ప్రాజెక్టు ఆగిపోతే దాంట్లో కొత్తదనం ఏమీ ఉండదని మొదటే చెబుతున్నాను.

హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో బాగా పనిచేసిన సారం సల్ఫ్యూరిక్‌లో చతికిలపడటం మామూలే. ఆసిడ్‌లో స్టీల్ ఉపరితలానికి ధనావేశం ఉంటుంది. ఆల్కలాయిడ్లు (మొక్కల్లోని పైపరిన్, బెర్బెరిన్ లాంటి నైట్రోజన్ పదార్థాలు) కూడా ఆసిడ్‌లో ప్రోటాన్ తీసుకుని ధనావేశంతోనే తిరుగుతాయి. లెక్కప్రకారం ఇవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకోవాలి. కానీ క్లోరైడ్ అయాన్లు ముందుగా వెళ్లి ఉపరితలం మీద చేరతాయి, వాటి రుణావేశాన్ని పట్టుకుని సారంలోని అణువులు వచ్చి కూర్చుంటాయి. సల్ఫేట్ అయాన్ అంత గట్టిగా చేరదు. సల్ఫ్యూరిక్‌లో కొద్దిగా పొటాషియం అయొడైడ్ కలిపితే అదే సారం శాతం ఒక్కసారిగా పెరుగుతుంది, ఎందుకంటే అయొడైడ్ క్లోరైడ్ కంటే కూడా గట్టిగా పట్టుకుంటుంది. మీ ప్రాజెక్టులో ఈ పోలిక పెట్టండి. ఇంకో పది ఆకులు మార్చి చూడటం కంటే దీంట్లో తెలిసేది ఎక్కువ.

ఇది కొత్త విద్యేమీ కాదు. పిక్లింగ్ ఆసిడ్‌లో మొలాసిస్ (చెరకు మడ్డి), వృక్ష తైలాలు కలపడానికి బ్రిటన్‌లో 1895లోనే పేటెంట్ ఇచ్చారు. తరవాత థయోయూరియా, ప్రొపార్జిల్ ఆల్కహాల్ లాంటి కృత్రిమ రసాయనాలు వచ్చి వాటిని పక్కకి నెట్టేశాయి. కారణం సులువే, వీటిని ఒక్క చుక్క కలిపినా చాలు, ప్రతి డ్రమ్ములోనూ సరుకు ఒకేలా ఉంటుంది. కానీ ప్రొపార్జిల్ ఆల్కహాల్ విషం. పెయింట్లలోనూ కూలింగ్ నీళ్లలోనూ దశాబ్దాలపాటు రాజ్యమేలిన ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకమని తేలింది. యూరప్‌లో ఆ రకం సమ్మేళనమైన క్రోమియం ట్రయాక్సైడ్ వాడాలంటే 2017 సెప్టెంబర్ నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సిందే. అందుకే అందరి చూపూ మళ్లీ మొక్కల వైపు తిరిగింది. తుప్పు వల్ల ప్రపంచం ఏటా నష్టపోయేది దాదాపు 2.5 ట్రిలియన్ డాలర్లని, అంటే ప్రపంచ స్థూల ఉత్పత్తిలో 3.4 శాతమని తుప్పు నిపుణుల అంతర్జాతీయ సంఘమైన నేస్ సంస్థ 2016లో లెక్కగట్టింది. కాబట్టి ఈ వెతుకులాటకి అర్థముంది. మీలాంటివాళ్లు ఇందులోకి రావడం నాకు నిజంగా సంతోషం.

ఇక శాతాల సంగతి. నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నది ఇక్కడే. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 5 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న కూపన్, అంటే పరీక్ష కోసం కోసిన స్టీల్ ముక్క, తీసుకోండి. అంచులతో కలిపి దాని వైశాల్యం 22.8 చదరపు సెంటీమీటర్లు. ఖాళీ ఆసిడ్‌లో 6 గంటల్లో 82 మిల్లీగ్రాములు పోయిందనుకుందాం, సారం కలిపితే 8 మిల్లీగ్రాములే పోయిందనుకుందాం. తేడా 74. దాన్ని 82తో భాగిస్తే 90 శాతం రక్షణ. పేపర్లో వేసుకోవడానికి ముచ్చటైన అంకె. ఇప్పుడు ఇదే లెక్కని తుప్పు వేగంగా మార్చండి. పోయిన మిల్లీగ్రాములని 87.6తో గుణించి, స్టీల్ సాంద్రత 7.86, వైశాల్యం, గంటలు, ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు పోతుందో వస్తుంది. ఖాళీ ఆసిడ్‌లో ఏడాదికి 6.7 మిల్లీమీటర్లు. సారంతో 0.65.

ఈ 0.65 మంచిదా చెడ్డదా? అది పూర్తిగా పని మీద ఆధారపడి ఉంటుంది. పిక్లింగ్‌లో స్టీల్ ఆసిడ్‌లో ఉండేది నిమిషాల్లోనే. 20 నిమిషాలకి పోయేది మైక్రాన్‌లో నలభయ్యో వంతు. అద్భుతం. అదే వేగంతో 3 మిల్లీమీటర్ల రేకుని రెండువైపులా తింటూపోతే రెండున్నరేళ్లు తిరక్కుండానే రేకు మాయం. మీరు చదివిన 95 శాతాలన్నీ ఈ మొదటి రకం పరిస్థితికి సంబంధించినవి. ఖాళీ ఆసిడ్ ఎంత భయంకరంగా తింటే శాతం అంత అందంగా వస్తుంది. కాబట్టి శాతం పక్కనే ఏడాదికి మిల్లీమీటర్లు రాయని పట్టికని నమ్మకండి, మీరూ అలాంటి పట్టిక వేయకండి.

పరీక్ష చేసేటప్పుడు కొన్ని గమనించుకోండి. కూపన్‌ని ఎమరీ పేపర్‌తో ముతక నుంచి నున్నటిదాకా వరసగా రుద్ది, నీళ్లతో కడిగి, అసిటోన్‌తో తుడిచి, డెసికేటర్‌లో ఆరాక మిల్లీగ్రాములో పదో వంతు వరకు తూచండి. తరవాత వేళ్లు తగలనివ్వకండి. ప్రతి చదరపు సెంటీమీటరుకి కనీసం 20 మిల్లీలీటర్ల ద్రావణం ఉండాలి, అంటే పై కూపన్‌కి అరలీటరు దాకా. చిన్న బీకర్‌లో సరిపెడితే ఆసిడ్ బలం తగ్గిపోయి ఖాళీ కూపన్‌లోనే నష్టం తక్కువ కనిపిస్తుంది. సారాన్ని ఇథనాల్‌తో తీసి ఉంటే, పోలిక కోసం పెట్టే ఆసిడ్‌లోనూ అంతే ఇథనాల్ కలపాలి. ప్రతి గాఢతకీ కనీసం మూడు కూపన్లు పెట్టండి.

అందరూ దాటేసే చిక్కు ఇంకొకటుంది. సారంలో ఉంచిన కూపన్ బయటికి తీసేసరికి దానిమీద గోధుమరంగు జిడ్డు అంటుకుని ఉంటుంది. దాన్ని తీయకుండా తూస్తే ఆ జిడ్డు బరువు కూడా కలిసిపోయి, పోయిన ఇనుము తక్కువ కనిపిస్తుంది. అంటే సారం పనితనం అబద్ధంగా పెరుగుతుంది. మెత్తటి బ్రష్‌తో పోకపోతే క్లార్క్ ద్రావణంలో (కూపన్లని శుభ్రం చేయడానికి వాడే ప్రత్యేక ఆసిడ్ ద్రావణం) కడగండి, ఆసిడ్‌లో పెట్టని కొత్త కూపన్‌ని కూడా అంతే సేపు కడిగి అది ఎంత కోల్పోయిందో తీసేయండి.

ఎలక్ట్రోకెమికల్ పరికరం అందుబాటులో ఉంటే ఇంపీడెన్స్, టాఫెల్ (విద్యుత్ కొలతలతో తుప్పు వేగం అంచనా వేసే పరీక్షలు) రెండూ చేయండి. కానీ బరువు నష్టం పరీక్ష మానేయొద్దు, మూడూ ఒకే మాట చెప్పినప్పుడే దానికి బలం. సారం కలిపినప్పుడు తుప్పు పొటెన్షియల్ (ద్రావణంలో స్టీల్ చూపే వోల్టేజి) 85 మిల్లీవోల్ట్‌ల కంటే తక్కువ జరిగితే మిశ్రమ రకం నిరోధకమని, అంటే ఆనోడ్, కాథోడ్ రెండిటినీ నెమ్మదింపజేసేదని రాయడం వాడుక. ఎక్కువ సారాలు ఇలాంటివే. లాంగ్‌ముయిర్ సమీకరణం (గాఢతకీ, ఉపరితలం ఎంత కప్పబడిందో దానికీ ఉన్న సంబంధం) నుంచి అధిశోషణ శక్తి లెక్కగట్టి, 20 కిలోజౌళ్ల దగ్గరుంటే భౌతికం, 40 దగ్గరుంటే రసాయనికం అని తేల్చేయడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆ లెక్కకి మోలార్ గాఢత కావాలి. ఆకు సారం పదుల కొద్దీ పదార్థాల మిశ్రమం, దానికి మోలార్ ద్రవ్యరాశి ఎక్కడిది? లీటరుకి ఇన్ని గ్రాములని వేసి తెచ్చిన కిలోజౌళ్లని బెర్బెరిన్ లాంటి శుద్ధ పదార్థపు విలువల పక్కన పెట్టి పోల్చడం తప్పు. అతుకు బలం తెలుసుకోవాలంటే వేడి పెంచి చూడండి. 30 డిగ్రీల దగ్గర 90 శాతం ఉన్న సారం 60 డిగ్రీలకి బాగా పడిపోయిందంటే అది కేవలం విద్యుదాకర్షణతో నిలిచిన పొర. చమురు బావుల్లో రాతిని కరిగించి చమురుకి దారి చేసే ఆసిడైజింగ్‌లో 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పంపిస్తారు, లోతున వేడి 100 డిగ్రీలు దాటడం మామూలే. ఆకు సారాలు ఎక్కువగా అక్కడే ఓడిపోతాయి. సమయం కూడా మార్చి చూడండి. 6 గంటలు నిలిచి 72 గంటలకి విరిగిపోయే సారాలు చాలా ఉన్నాయి.

సహజమైనది కాబట్టి హానిచేయదన్న మాట కూడా రాసేయకండి. ఉమ్మెత్త, గన్నేరు సారాలని కూడా నిరోధకాలుగా పరీక్షించారు. అవి మనుషుల్ని చంపగల మొక్కలు. మిథనాల్‌తో తీసిన సారాన్ని పచ్చని పరిష్కారం అనడం కూడా నాకు సబబుగా అనిపించదు. నీళ్లతోనో ఇథనాల్‌తోనో తీయండి. నీటి కషాయం ఒకట్రెండు రోజుల్లో పులిసి బూజు పడుతుంది, కాబట్టి ఎండబెట్టి పొడి చేసి, గాలి తగలకుండా మూతపెట్టి ఉంచుకుని, కావలసినప్పుడే తూచి కలపండి. ఒకే చెట్టు ఆకు అయినా వేసవిలో కోసినదానికీ వానల్లో కోసినదానికీ తేడా ఉంటుంది. పరిశ్రమవాళ్లు వెనకాడేది ముఖ్యంగా ఈ కారణంతోనే. కోసిన నెల, ఎండబెట్టిన తీరు, మొత్తం ఫినాల్స్ ఎంతో రాసిపెడితే మీ పనిని ఇంకొకరు మళ్లీ చేసి చూడగలుగుతారు.

ఇప్పుడు గేటు సంగతి. బయట గాలికీ వానకీ ఉన్న స్టీల్ మీద జరిగేది వేరే కథ. ఇక్కడ ఎలక్ట్రాన్లని అందుకునేది హైడ్రోజన్ అయాన్ కాదు, తేమలో కరిగిన ఆక్సిజన్. ఆసిడ్ స్నానంలో సారం ద్రావణంలోనే ఉంటుంది కాబట్టి ఊడిన అణువు స్థానంలోకి ఇంకొకటి వచ్చి చేరుతుంది. గేటు మీద పూసిన కషాయానికి ఆ అవకాశం లేదు, మొదటి వానకే కడుక్కుపోతుంది. పైగా కషాయంలో చక్కెరలుంటాయి, మొక్క నేలనుంచి పీల్చుకున్న క్లోరైడ్ లవణాలుంటాయి. ఆరిపోయాక మిగిలే ఆ పొర తేమని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకి మేత అవుతుంది. అక్కడక్కడా పొర తెగితే ఆ చోట తుప్పు ఇంకా గట్టిగా తినొచ్చు. కాబట్టి వేప కషాయమో కరివేపాకు రసమో పూసి వదిలేయడం వద్దు.

కానీ మొక్కల్లోనే గేటుకి పనికొచ్చేది ఒకటుంది, టానిన్. కరక్కాయ, మాచికాయ, తుమ్మ బెరడు, తంగేడు బెరడు, ఇవన్నీ తోళ్లు ఊనడానికో సిరా చేయడానికో అనాదిగా వాడుతున్నవి. కరక్కాయ కషాయంలో ఇనుము పడితే నల్లటి సిరా ఎలా అవుతుందో, తుప్పు మీద టానిన్ పూసినా అదే జరుగుతుంది. తుప్పులోని ఫెర్రిక్ ఇనుముతో టానిన్ కలిసి ఫెర్రిక్ టానేట్ అవుతుంది. ఎర్రటి పొడిపొడి తుప్పు చూస్తుండగానే ముదురు ఊదారంగుకి తిరిగి, ఆరేసరికి నీలి నలుపు అవుతుంది. నీళ్లలో కరగదు. జపాన్‌లో ఇనుప కెటిల్ లోపల తుప్పు కనిపిస్తే టీ ఆకు వేసి మరిగిస్తారు, అదీ ఇదే. ఆవిరి యంత్రాల రోజుల్లో బాయిలర్ నీళ్లలో టానిన్ వేసేవారు. మ్యూజియంలలో తుప్పు పట్టిన పాత ఇనుప వస్తువులకి కూడా టానిక్ ఆసిడ్ (టానిన్లలో ఒక రకం) పూస్తారు. కెనడియన్ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ సూచనల్లో ఈ పద్ధతి ఉంది.

చేసే తీరు చెబుతాను. వైర్ బ్రష్‌తో ఊడే తుప్పంతా ఊడదీయండి. పెచ్చులుగా లేచే తుప్పు మీద టానిన్ పూస్తే పైపొర మాత్రమే నల్లబడుతుంది, అడుగున ఎరుపు అలాగే ఉంటుంది, కొన్నాళ్లకి పెయింటుతో సహా మొత్తం పెచ్చు ఊడొస్తుంది. తరవాత మంచినీళ్లతో బాగా కడగండి. సముద్రపు గాలి తగిలే చోటైతే ఈ కడగడమే ముఖ్యం, ఎందుకంటే టానిన్ క్లోరైడ్‌ని ఏమీ చేయలేదు. ఉప్పు అడుగున ఉండిపోతే పెయింటు కింద నీటిబుడగలు లేస్తాయి. ఆరాక టానిక్ ఆసిడ్ ద్రావణం బ్రష్‌తో రుద్దుతూ పూయాలి. బొత్తిగా పల్చన వద్దు. టానిన్ చాలకపోతే తుప్పంతా మారదు. కొంచెం ఫాస్ఫారిక్ ఆసిడ్ కలిపి పీహెచ్ 2 నుంచి 2.5 మధ్యకి తెస్తే ఇనుము కాస్త కరిగి టానిన్‌తో బాగా కలుస్తుంది. ఫాస్ఫారిక్ ఎక్కువైతే మిగిలిన ఆసిడ్ పెయింటుని లేపేస్తుంది కాబట్టి చెయ్యి బిగించి పోయండి. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. ఒకరోజు గాలికి ఆరనిచ్చి, ఇంకా ఎర్రగా ఉన్నచోట రెండో పూత వేయండి. తరవాత మామూలుగానే ప్రైమర్, పెయింటు.

ఈ నల్లపొర పెయింటుకి మంచి ఆధారం మాత్రమే, దానికదే వానని ఆపలేదు. తుప్పు లేని మెరిసే కొత్త స్టీల్ మీద దీనివల్ల లాభం కూడా తక్కువ, కలవడానికి అక్కడ తుప్పే లేదు మరి. బరువు మోసే నిర్మాణాలకైతే ఇలాంటి సర్దుబాట్లు వద్దు, సాండ్ బ్లాస్టింగ్‌తో ఎస్‌ఏ రెండున్నర స్థాయికి (తుప్పు, పాత పెయింటు దాదాపు పూర్తిగా పోయేదాకా) శుభ్రం చేయించి పెయింటు వేయించాల్సిందే.

పెయింటు కూడా మొక్కలదే కావాలంటారా, దానికీ దారి ఉంది. అవిసె నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది. ఆముదం అలా ఆరదు, ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉండి దుమ్ము పట్టుకుంటుంది. పనిముట్లకి తాత్కాలికంగా రాసి బట్టతో తుడిచి పెట్టుకోవడానికి బాగుంటుంది కానీ గేటుకి కాదు. నా దృష్టిలో మొక్కల నుంచి వచ్చినవాటిలో అన్నిటికంటే గట్టిగా నిలిచింది జీడిగింజ పెంకు నూనె. దాన్ని వేడిచేస్తే వచ్చే కార్డనాల్‌తో ఫినాల్కమీన్ అనే ఎపాక్సీ గట్టిపరిచే పదార్థం చేస్తారు. తడి గాలిలోనూ చల్లటి వాతావరణంలోనూ బాగా గట్టిపడుతుందని ఓడల పెయింట్లలో వాడతారు. ముడి పెంకు నూనెని మాత్రం చేత్తో తాకొద్దు, చర్మం బొబ్బలెక్కుతుంది. అవిసె నూనెతో ఇంకో ప్రమాదం, తుడిచిన గుడ్డలని ఉండచుట్టి పడేస్తే ఆక్సిజన్ పీల్చుకునే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. వాటిని నీళ్లలో ముంచి ఉంచండి, లేదా విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

కాంక్రీటులో కడ్డీలకి ఆకు సారం కలపొచ్చా అని కూడా చివర్లో అడిగారు. ల్యాబులో క్లోరైడ్ ద్రావణంలో పరీక్షించినవాళ్లున్నారు. ఇంటి పనిలో మాత్రం చేయకండి. సిమెంటు బరువులో వెయ్యో వంతు చక్కెర ఉన్నా అది గట్టిపడటం గంటలకొద్దీ ఆలస్యమవుతుంది, టానిన్లదీ అదే గుణం. మంచి కాంక్రీటులో పీహెచ్ 12.5 పైనే ఉంటుంది, కడ్డీని కాపాడే ఆక్సైడ్ పొర ఆ క్షారంలో తనంతట తానే నిలుస్తుంది. కవర్ (కడ్డీ మీద కాంక్రీటు మందం) తగినంత వదిలి, నీళ్లు తక్కువ పోసి, బాగా క్యూరింగ్ చేస్తే చాలు.

మళ్లీ గేటు దగ్గరికి వస్తే, పూతకంటే ముందు చూడాల్సింది దాని అడుగు పైపు. ఎక్కువ గేట్లు అక్కడే చిల్లులు పడతాయి, అదీ లోపలినుంచి. వెల్డింగ్ సరిగా కలవని సందులోంచి వాననీరు పైపులోకి దిగి బయటికి పోయే దారిలేక అక్కడే నిలిచిపోతుంది. బయట ఏం పూసినా ఆ తుప్పుకి తగలదు. అడుగు పైపుకి కింది వైపు రెండు చివర్లా 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, నీళ్లు కారిపోయి లోపల ఆరాక, పైనున్న వెల్డు సందులు మూయించండి. టానిన్ పని ఆ తరవాతే మొదలుపెట్టండి.